సొంత బండితో ప్రపంచయాత్ర: కార్నెట్, దారులు, బండి ఎంపికపై సలహాలు కావాలి

మున్నేటి గట్టు (ఖమ్మం)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ మీ యాత్రానుభవాలు చదువుతూ వస్తున్నాను. ఇప్పుడు నాకే సలహా కావలసి వచ్చింది. 2019లో కొన్న నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 లడఖ్, స్పితి, అరుణాచల్, నేపాల్ దారులన్నీ కలిపి ఇప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగింది. వచ్చే ఏడాది ఆగస్టు నుంచి పద్దెనిమిది నెలలు జీతం లేని సెలవు ఇవ్వడానికి మా కార్యాలయంవారు ఒప్పుకున్నారు. ఆ సమయమంతా ఈ బండి మీదే ప్రపంచం చుట్టి రావాలని నా కోరిక.

నేను వేసుకున్న దారి ఇది. ఇంటి గుమ్మం నుంచే బయలుదేరి మణిపుర్‌లోని మోరే దగ్గర సరిహద్దు దాటి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్ చూసుకుని, చైనా మీదుగా మధ్య ఆసియాకు, అక్కడి నుంచి టర్కీకి, ఐరోపాకు చేరడం. ఆఖరి ఆరు నెలలు అమెరికా ఖండాలకు కేటాయించి దక్షిణ కొసన ఉన్న ఉషువాయా వరకు వెళ్లడం. ఓడ ఎక్కే అవసరం ఐరోపా దాటేవరకు రాకూడదని నా పట్టుదల.

బండిని విదేశాల్లోకి తీసుకెళ్లడానికి కావలసిన కార్నెట్ అనే కస్టమ్స్ పత్రం గురించి ఎంత చదివినా నాకు పూర్తిగా బోధపడలేదు. బ్యాంకు గ్యారంటీ పేరుతో ఎంత సొమ్ము ఆగిపోతుందో, అది ఎప్పుడు తిరిగి వస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పాలి. ఇక మిత్రులందరూ ఈ బండిని అమ్మేసి పెద్ద బండి కొనమంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. మీ అభిప్రాయం దాపరికం లేకుండా చెప్పండి.

పెన్నా తీరం (నెల్లూరు)

తమ్ముడూ, ముందుగా దారి సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు వేసుకున్న దారిలో మొదటి అడుగే నేడు పడదు. మోరే దగ్గర భూమార్గంలో సరిహద్దు దాటే ఒప్పందం 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చినప్పుడు మాలాంటివాళ్లం ఎంతో సంబరపడ్డాం. 2020లో కరోనాతో అది మూతపడింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్న తరువాత అక్కడి రోడ్లు యాత్రికుడు నమ్ముకోదగినవిగా లేవు. పడమటి వైపు అట్టారీ సరిహద్దు 2025 ఏప్రిల్‌లో మూసేశారు. ఉత్తరాన నేపాల్ మీదుగా టిబెట్‌లోకి వెళ్లే రసువాగఢీ దగ్గర వంతెన 2025 జూలై వరదలో కొట్టుకుపోయింది. ఆ దారి బాగున్న రోజుల్లో కూడా చైనాలో బండి నడపాలంటే తాత్కాలిక లైసెన్సు, తాత్కాలిక నంబరు ప్లేటు తీసుకోవాలి, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా గైడు వెంట ఉండాలి. ఒంటరిగా వెళ్లేవాడు ఆ ఖర్చంతా తన నెత్తినే వేసుకోవాలి. గుంపుగా వెళ్తేనే అది భరించగలిగే స్థాయికి వస్తుంది.

కనుక భారతదేశం నుంచి బండితో బయటపడదలచినవాడికి నేటి మొదటి సరిహద్దు ఓడరేవే. దీన్ని ఓటమిగా తీసుకోకండి. ముంబై పక్కనున్న న్హవా శేవా నుంచి దుబాయ్‌లోని జెబెల్ అలీకో, నేరుగా టర్కీ రేవులకో బండి పంపించుకోవచ్చు. టర్కీ నుంచి జార్జియా, అక్కడి నుంచి కాకసస్ పర్వతాల నడుమ లార్స్ కనుమ గుండా రష్యా, ఆపై కజకిస్తాన్, కిర్గిజిస్తాన్ చేరే దారి ఉంది. అజర్‌బైజాన్ తన భూసరిహద్దులను 2020 నుంచి యాత్రికులకు మూసి ఉంచడం వల్ల కాస్పియన్ సముద్రం దాటే పాత దారి కంటే ఈ దారికే ఎక్కువమంది మొగ్గుతున్నారు. లార్స్ కనుమను చలికాలంలో మంచు తరచూ మూసేస్తుంది కాబట్టి నెల చూసుకుని బయలుదేరాలి. ఏ దేశం తలుపు ఎప్పుడు మూసుకుంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఓడకు సొమ్ము కట్టే వారానికి మన విదేశాంగ శాఖ హెచ్చరికలు మరొకసారి చదవండి.

ఇప్పుడు కార్నెట్. పూర్తి పేరు కార్నె ద పాసాజ్ ఆన్ దువాన్, అంటే వాహనానికి కస్టమ్స్ పాస్‌పోర్టు వంటిది. మీరు ఒక దేశంలోకి బండిని తీసుకెళ్లి అక్కడే అమ్మేస్తే ఆ దేశానికి రావలసిన దిగుమతి సుంకం పోతుంది కదా! అలా జరగదని, జరిగితే ఆ సుంకం తాము కడతామని మన దేశంలోని ఆటోమొబైల్ సంఘం పూచీ పడుతుంది. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఈ పుస్తకం ఇస్తుంది. తన పూచీకి బదులుగా మీ నుంచి బ్యాంకు గ్యారంటీయో నగదు డిపాజిట్టో తీసుకుంటుంది. ఆ మొత్తం మీ బండి విలువ మీద, మీరు వెళ్లే దేశాల మీద ఆధారపడుతుంది. కొన్ని దేశాల పేర్లు జాబితాలో చేరితే అది బండి ధరను కూడా మించిపోతుంది. అందుచేత వెళ్లని దేశాన్ని సరదాకు కూడా దరఖాస్తులో రాయకండి.

పుస్తకంలో ప్రతి పేజీకి మూడు భాగాలుంటాయి. దేశంలో ప్రవేశించేటప్పుడు కస్టమ్స్ అధికారి ఒక భాగం చించుకుంటాడు, బయటికి వచ్చేటప్పుడు మరొక భాగం చించుకుంటాడు, మూడోది రెండు ముద్రలతో పుస్తకంలోనే మిగులుతుంది. అలా మిగిలిన భాగమే మీ సొమ్మును వెనక్కి తెచ్చే సాక్ష్యం. లోపలికి వచ్చిన ముద్ర ఉండి బయటికి పోయిన ముద్ర లేకపోతే, కాగితం లెక్కలో మీ బండి ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్టు.

నేను 2014లో ఈ తప్పు చేశాను. ఏ దేశమో చెప్పను. సాయంత్రం వేళ, లారీల వరుస, వాన. పాస్‌పోర్టు మీద ముద్ర పడగానే పని అయిపోయిందనుకుని బండి ఎక్కేశాను. నలభై కిలోమీటర్లు పోయాక టీ తాగుతూ పుస్తకం తెరిస్తే బయటికి వచ్చిన ముద్ర పడవలసిన చోటు ఖాళీగా ఉంది. వెనక్కి వెళ్దామంటే నా వీసా ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చినది, అది అప్పటికే వాడేశాను. యాత్ర ముగించి మన దేశంలో దిగాక బండిని మన కస్టమ్స్ అధికారికి చూపించి, అది ఇక్కడే ఉన్నట్టు పుస్తకంలోని ధ్రువపత్రం మీద సంతకం, ముద్ర వేయించుకుని, ఆ పత్రంతో ఉత్తరాల మీద ఉత్తరాలు రాయగా ఏడు నెలలకు గ్యారంటీ విడుదలైంది. ఆ ఏడు నెలలూ మా ఇంట్లో ఆ విషయం ఎత్తని రోజు లేదు.

పుస్తకం గడువు ఒక సంవత్సరం. మీ యాత్ర పద్దెనిమిది నెలలంటున్నారు కనుక ఆ గడువు ఎక్కడ తీరుతుందో ఇప్పుడే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. పొడిగింపు అడగవచ్చు కాని, గడువు ముగియక ముందే అడగాలి.

నాలుగో గేరు (విజయవాడ)

పెన్నా తీరం గారు కాగితాల సంగతి చెప్పారు కాబట్టి నేను ఇనుము సంగతి చెబుతాను. ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్నాను. నా అభిప్రాయం ఒకటే: 61,000 కిలోమీటర్లు మీతో తిరిగిన బండిని వదలకండి. దాని ప్రతి చప్పుడూ మీకు తెలుసు. కొత్త బండి చప్పుళ్లు నేర్చుకోవడానికి కజకిస్తాన్ మైదానం తగిన చోటు కాదు.

హిమాలయన్ 411 ఇంజనులో కంప్రెషన్ నిష్పత్తి 9.5కు 1. మధ్య ఆసియాలో మారుమూల బంకుల్లో తక్కువ రకం 80 ఆక్టేన్ పెట్రోలు తప్ప మరేమీ దొరకని చోట్లు ఉన్నాయి. ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్లు ఆ పెట్రోలుతో టకటకా కొట్టుకుంటాయి. మీ ఇంజను మాత్రం కొంచెం నీరసించినా, యాక్సిలరేటర్ మెల్లగా తిప్పితే లాక్కుపోతుంది. ట్యాంకు 15 లీటర్లు, లీటరుకు 28 నుంచి 30 కిలోమీటర్లు ఇస్తే 400 కిలోమీటర్లు గడుస్తాయి. పైన ఒక అయిదు లీటర్ల డబ్బా ఉంటే చాలు.

ఆ బండితో నన్ను భయపెట్టేది ఇంజను కాదు, వెనక టైరు. ముందు చక్రం టైరు 90/90-21 ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. వెనకది 120/90-17. ఈ కొలత మన దేశం దాటాక వెతుక్కోవాలి. దాని బదులు 130/80-17 సరిపోతుంది, అది అన్ని చోట్లా వాడుకలో ఉన్న కొలత. బయలుదేరే ముందే ఒకసారి ఆ టైరు వేయించి, చైన్‌కూ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కూ రాసుకోకుండా తిరుగుతోందో లేదో చూసుకోండి. స్పోకు చక్రాలు, లోపల ట్యూబులు కనుక పంక్చరు వేయడం మీకు రావాలి. రావాలంటే వీడియో చూడటం అని కాదు. మా షాపుకు రండి. ఎండలో నేల మీద కూర్చోబెట్టి రెండు టైరు లీవర్లతో వెనక టైరు పదిసార్లు ఊడదీయించి, పదిసార్లు ఎక్కిస్తాను. మూడోసారికి వేళ్లు బొబ్బలెక్కుతాయి, ఏడోసారికి చేతికి ఒడుపు వస్తుంది.

మార్చవలసినవి బయలుదేరే ముందే మార్చండి: చైన్, రెండు స్ప్రాకెట్లు, రెండు చక్రాల బేరింగులు, స్టీరింగ్ బేరింగ్, ఫోర్క్ ఆయిల్ సీళ్లు. తీసిన పాత క్లచ్ కేబుల్‌ను పారేయకండి, కొత్తదాని పక్కనే రెండు చివర్లకూ టేపు చుట్టి కట్టేయండి. కొత్తది తెగిన రోజు చివర్లు తగిలిస్తే చాలు, అయిదు నిమిషాల పని.

లోహ గుర్రం (హైదరాబాద్)

అందరూ చిన్న బండినే సమర్థిస్తారని ఊహించాను. నేను గౌరవంగా విభేదిస్తున్నాను. నేను 1250 సీసీ బండి మీద ఐరోపాలో 14,000 కిలోమీటర్లు తిరిగాను. ఎదురుగాలిలో గంటకు 110 కిలోమీటర్ల వేగంతో రోజంతా సాగిపోవలసిన మైదానాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట 24 హార్స్‌పవర్ బండి మీద కూర్చున్నవాడు సాయంత్రానికి లారీల గాలికి ఊగి ఊగి అలసిపోతాడు. అలసట వల్లనే ప్రమాదాలు జరుగుతాయి. అర్జెంటీనాకు చెందిన ఎమిలియో స్కోటో 1985 నుంచి 1995 వరకు పదేళ్లలో 7,35,000 కిలోమీటర్లు తిరిగింది హోండా గోల్డ్‌వింగ్ 1100 మీద. అంత భారీ బండి, అదీ తారురోడ్డు కోసం తయారు చేసినది, ఎడారులూ అడవులూ దాటింది. బరువు అంత పెద్ద అడ్డంకి అయి ఉంటే ఆ యాత్ర సాగేదే కాదు.

నాలుగో గేరు (విజయవాడ)

లోహ గుర్రం గారూ, ఎదురుగాలి గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అలసట గురించి కూడా నిజమే. నా ఆలోచనంతా ఆ ఒక్క నిమిషం గురించి: బండి ఇసుకలో పక్కకు ఒరిగింది, మైలు దూరంలో మనిషి లేడు, మీ బండి 249 కిలోలు, సామానుతో 300. దాన్ని ఒక్కరే నిలబెట్టగలరా? హిమాలయన్ 200 కిలోలు. పెట్టెలు విప్పేస్తే, వీపు ఆనించి కాళ్ల బలంతో ఎత్తవచ్చు. ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. కార్నెట్ గ్యారంటీ బండి విలువను బట్టి ఉంటుందని పెన్నా తీరం గారు చెప్పారు. ఇరవై లక్షల బండికి ఆగిపోయే సొమ్ముతో ఇతను ఆరు నెలలు తిరగగలడు.

విశాఖ సాగరం (విశాఖపట్నం)

చిన్న బండి మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మన భరద్వాజ్ దయాల 2006 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుంచి బయలుదేరి, సుమారు పద్దెనిమిది నెలల్లో పదహారు దేశాల మీదుగా 47,000 కిలోమీటర్లు ఒంటరిగా తిరిగి వచ్చారు. ఆయన బండి హీరో హోండా కరిజ్మా, 223 సీసీ. వెనక సహాయక వాహనం లేదు. ఒంటరిగా మోటార్‌సైకిల్ మీద ప్రపంచం చుట్టివచ్చిన మొదటి భారతీయుడిగా ఆయన పేరు నిలిచింది. మున్నేటి గట్టు గారి సెలవు కూడా సరిగ్గా పద్దెనిమిది నెలలే కావడం చూసి నాకు చెప్పలేని సంతోషం కలిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1912–13లో కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ అనే అమెరికన్ యువకుడు నాలుగు సిలిండర్ల హెండర్సన్ బండి మీద దాదాపు 29,000 కిలోమీటర్లు తిరిగి మొట్టమొదటి మోటార్‌సైకిల్ ప్రపంచయాత్ర పూర్తి చేశాడు. పెట్రోలు బంకులు, తారురోడ్లు అరుదుగా కనిపించే రోజులవి.

2018లో హైదరాబాద్ నుంచి జయభారతి గారి నాయకత్వంలో నలుగురు మహిళలు మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చారు. వాళ్లు వెళ్లిన ఆ తూర్పు దారి నేడు మూసుకుపోయి ఉంది. దొరికినప్పుడే వెళ్లినవాళ్లకు దక్కిన దారి అది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా, అప్పట్లో నాకు తోడు రమ్మని పిలిచిన మిత్రుడికి వచ్చే ఏడాది చూద్దామన్న నా జవాబు గుర్తుకు వచ్చి బాధ కలుగుతుంది.

వెన్నెల దారి (తిరుపతి)

చర్చ అంతా సొంత బండి చుట్టూ తిరుగుతోంది. నేను వేరే మార్గంలో వెళ్లినదాన్ని కనుక ఆ వైపు కూడా చెబుతాను. మధ్య ఆసియాలోని పామీర్ పర్వతాల రహదారి మీద నేను నడిపింది నా బండి కాదు. కిర్గిజిస్తాన్‌లోని ఓష్ పట్టణంలో అద్దెకు తీసుకున్నది. కార్నెట్ లేదు, ఓడ లేదు, రేవులో ఎదురుచూపు లేదు. విమానంలో దిగిన మూడో రోజుకే కొండల్లో ఉన్నాను. సరిహద్దు దాటడానికి బండి యజమాని ఇచ్చిన అధికారపత్రం చాలింది. పద్దెనిమిది నెలలు దొరకని ఉద్యోగినులకు, గృహిణులకు ఇది అందుబాటులో ఉన్న మార్గం. ప్రపంచాన్ని ముక్కలుగా చూసినా అది ప్రపంచమే.

దారి ఎలా ఉంటుందో మున్నేటి గట్టు గారి కోసం రాస్తున్నాను. ఓష్ నుంచి సారీ తాష్, అక్కడి నుంచి 4,280 మీటర్ల ఎత్తున్న కిజిల్ ఆర్త్ కనుమ. కిర్గిజిస్తాన్, తజికిస్తాన్ తనిఖీ కేంద్రాల మధ్య పాతిక కిలోమీటర్ల దాకా ఎవరిదీ కాని నేల, ఎర్రమట్టి, వాగులు. దిగగానే కారాకుల్ సరస్సు కనిపిస్తుంది. ఆ రాత్రి సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో పడుకున్నాను, దాదాపు 3,900 మీటర్ల ఎత్తు. తలనొప్పితో తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. ఆ ఇంటి పెద్దావిడ యాక్ పేడ పిడకలతో పొయ్యి రాజేసి ఉప్పు వేసిన పాల టీ ఇచ్చింది. మరుసటి రోజు 4,655 మీటర్ల అక్‌బైతాల్ కనుమ దాటి ముర్గాబ్ చేరాను. ఓష్‌లో రెండు రోజులు, సారీ తాష్‌లో రెండు రోజులు ఆగి ఎత్తుకు అలవాటు పడి ఉంటే అంత బాధ పడేదాన్ని కాదు. మీరు తప్పకుండా ఆగండి.

ముర్గాబ్ నుంచి ఖోరోగ్‌కు నేరుగా వెళ్లవచ్చు. నేను మాత్రం వాఖాన్ లోయలోకి దిగాను. పాంజ్ నది ఒక్కటే అడ్డు. అవతలి గట్టు అఫ్గానిస్తాన్. గాడిద మీద గడ్డిమోపుతో వెళ్తున్న కుర్రవాడు ఆ గట్టు నుంచి చేయి ఊపితే నేను ఈ గట్టు నుంచి ఊపాను. మా మధ్య దూరం మా తిరుచానూరు కోనేరు వెడల్పు కూడా ఉండదు. ఆ ప్రాంతానికి తజికిస్తాన్ వీసాతో పాటు గోర్నో బదఖ్షాన్ అనుమతి పత్రం విడిగా తీసుకోవాలి. కిజిల్ ఆర్త్ సరిహద్దు కొన్నేళ్ల పాటు మూసి ఉండి మళ్లీ తెరుచుకుంది. వెళ్లే నెలలో దాని పరిస్థితి కనుక్కోండి.

ఒంటరి స్త్రీగా భయం వేయలేదా అని చాలామంది అడుగుతారు. 1973లో ఆన్ ఫ్రాన్స్ దోత్‌విల్ అనే ఫ్రెంచి మహిళ 125 సీసీ కవాసాకి మీద ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చింది. నాకు ఆ జవాబు చాలు.

డాలస్ దారి (టెక్సస్)

అమెరికా ఖండాల సంగతి నేను చెబుతాను. టెక్సస్ నుంచి బయలుదేరి రెండు విడతలుగా ఉషువాయా చేరాను. ఇక్కడ శుభవార్త ఏమిటంటే మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా సాధారణంగా కార్నెట్ అడగరు. ప్రతి సరిహద్దులో తాత్కాలిక దిగుమతి అనుమతి ఇస్తారు. మెక్సికో డాలర్లలో డిపాజిట్ తీసుకుని, దేశం దాటేటప్పుడు ఆ పత్రం రద్దు చేయించుకుంటేనే తిరిగి ఇస్తుంది. పెన్నా తీరం గారు ముద్ర గురించి చెప్పిన పాఠమే ఇక్కడా వర్తిస్తుంది. మధ్య అమెరికాలో ఒక్కో సరిహద్దు మూడు నాలుగు గంటలు తింటుంది; పాస్‌పోర్టు, ఆర్‌సీ, లైసెన్సు జిరాక్సులు ఒక్కొక్కటి ఇరవై చొప్పున ముందే తీసుకుని ఉంచుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు మీద చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోతో పాటు మధ్య అమెరికాలోని పలు దేశాలు విడిగా వీసా అడగవు. అందువల్ల అమెరికా వీసా ముందు సంపాదించడం తెలివైన పని.

పనామాలో రోడ్డు ఆగిపోతుంది. యవీసా అనే చిన్న ఊరి తరువాత డేరియన్ అడవి, సుమారు 100 కిలోమీటర్ల మేర చిత్తడి నేలలు, కొండలు. అలాస్కా నుంచి వచ్చే రహదారి అంతా ఆ ఊరి నదీతీరంలో ముగిసి, అవతల కొలంబియాలో మళ్లీ మొదలవుతుంది. నేను ఊరి చివరిదాకా వెళ్లి ఆ నదిని చూసి వెనక్కి వచ్చాను. బండిని పనామా సిటీ నుంచి బొగోటాకు విమానంలో పంపాను. అంతకు ముందు పోలీసులు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు పరిశీలించి కాగితం ఇవ్వాలి. నా ముందు వరుసలో ఉన్న ఒక జర్మన్ యాత్రికుడి అనుమతి పత్రంలో ఒక అంకె తప్పుపడటంతో, అది ఇచ్చిన సరిహద్దుకు తిరిగి వెళ్లి దిద్దించుకు రమ్మన్నారు. పోనూ రానూ రెండు రోజులు.

లోహ గుర్రం గారు చెప్పిన ఎదురుగాలి దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియాలో ఉంది. నాది 650 సీసీ బండి. అయినా గాలికి వాలి నడపవలసి వచ్చింది, ఎదురుగా లారీ దాటిపోయిన క్షణాన గాలి తెగి బండి అవతలి వైపు విసురుగా లాగేది. అక్కడ ఇంజను బలం కంటే తెల్లవారుజామున లేచే అలవాటు ఎక్కువ ఉపయోగపడింది. ఉదయం పూట గాలి కాస్త నెమ్మదిగా ఉంటుంది. అర్జెంటీనా మూడో నంబరు రహదారి ముగిసే లపతాయా అఖాతం దగ్గర బల్ల మీద బ్యూనస్ ఎయిరిస్ 3,079 కిలోమీటర్లు, అలాస్కా 17,848 కిలోమీటర్లు అని రాసి ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు అక్కడికి చేరండి. అది వాళ్ల వేసవి.

పాలమూరు బాటసారి (మహబూబ్‌నగర్)

ఎవరూ ప్రస్తావించని రెండు విషయాలు. మన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గడువు ఒక సంవత్సరమే. ఆర్టీవో కార్యాలయంలో ఫారం 4ఏ ద్వారా తీసుకోవాలి. విదేశంలో ఉండగా గడువు తీరితే మన రాయబార కార్యాలయం ద్వారా కొత్తదానికి దరఖాస్తు చేసుకునే వీలు 2021 నుంచి ఉంది. రెండవది బీమా. మన దేశపు బండి బీమా సరిహద్దు దాటగానే పనిచేయదు. దాదాపు ప్రతి దేశంలోనూ అక్కడి థర్డ్ పార్టీ బీమా కొనాలి, ఐరోపాకు గ్రీన్ కార్డు అనే బీమా పత్రం తీసుకోవాలి. వైద్య బీమా పాలసీలో మినహాయింపుల పేజీ అక్షరం అక్షరం చదవండి. ఫలానా సీసీ దాటిన మోటార్‌సైకిల్ నడుపుతూ జరిగిన ప్రమాదం వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉండటం నేను స్వయంగా చూశాను.

మున్నేటి గట్టు (ఖమ్మం)

ఇంత శ్రద్ధగా సమాధానాలు ఇచ్చిన మీ అందరికీ ఏమిచ్చి రుణం తీర్చుకోగలను? మీ సందేశాలన్నీ అచ్చు తీయించి మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన మొత్తం విని, ముద్ర పడిందో లేదో చూసుకోకుండా మాత్రం కదలకు అన్నారు.

దారి మార్చుకున్నాను. ఆగస్టు బదులు ఏప్రిల్‌లో బయలుదేరడానికి కార్యాలయంలో మళ్లీ అడుగుతాను. న్హవా శేవా నుంచి టర్కీ రేవుకు బండి పంపి, జార్జియా, రష్యా, కజకిస్తాన్ మీదుగా జూలై నాటికి పామీర్ చేరాలి. తిరిగి పడమటికి వచ్చి, ఐరోపాలో ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాల్లో 180 రోజులకు 90 రోజులే ఉండనిస్తారు కాబట్టి ఐరోపాను మూడు నెలల లోపే ముగించాలి. అక్కడి నుంచి అమెరికా. బండి మార్చడం లేదు. నాలుగో గేరు గారూ, వచ్చే ఆదివారం ఆటోనగర్ వస్తున్నాను, బొబ్బలకు సిద్ధపడే వస్తాను.

పెన్నా తీరం గారూ, మరొక చిక్కు వచ్చింది. కార్నెట్ దరఖాస్తు కోసం ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో అచ్చు తీసి ఆర్‌సీ పక్కన పెట్టి చూశాను. ఛాసిస్ మీద 5 అంకె ఉన్న చోట ఆర్‌సీలో ఎస్ అక్షరం ఉంది. ఇన్నేళ్లలో ఒక్క తనిఖీలోనూ ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు. బండి అప్పు తీరి మూడేళ్లయినా ఫైనాన్స్ సంస్థ పేరు కూడా ఆర్‌సీ మీద అలాగే ఉంది. దరఖాస్తు పంపిస్తే వాళ్లే సర్దుకుంటారా, లేక ముందే దిద్దించుకోవాలా?

పెన్నా తీరం (నెల్లూరు)

తమ్ముడూ, ఇప్పుడు గమనించడం మీ అదృష్టం. కార్నెట్ పుస్తకంలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రంగు, విలువ, బిగించిన పెట్టెలు, అదనపు టైర్ల దాకా రాస్తారు. ఆర్‌సీని బట్టి కార్నెట్ రాస్తారు, కార్నెట్‌ను బట్టి సరిహద్దులో బండి చూస్తారు. ఆ ఎస్ అక్షరం పుస్తకంలోకి ఎక్కిందంటే డాలస్ దారి గారు చెప్పిన జర్మన్ యాత్రికుడి స్థితి మీకు ప్రతి దేశంలోనూ ఎదురవుతుంది. ఆయన రెండు రోజుల్లో వెనక్కి వెళ్లి దిద్దించుకున్నాడు. మీరు ఖమ్మం రావలసి ఉంటుంది.

కనుక దరఖాస్తు ఇప్పుడే పంపకండి. బండి కొన్ననాటి ఇన్‌వాయిస్, ఫారం 21 అమ్మకపు ధ్రువపత్రం బయటికి తీయండి. వాటిలో నంబరు సరిగ్గా ఉంటే ఆర్టీవో కార్యాలయంలో దిద్దించడం తేలిక. బండిని తీసుకువెళ్లి తనిఖీ చేయించవలసి వస్తుంది. ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని అప్పు పేరు కూడా అదే దఫాలో తొలగించుకోండి. బీమా పాలసీలోకి కూడా అదే తప్పు ఎక్కి ఉంటుంది, అదీ చూడండి. ఇవన్నీ అయ్యాక కొత్త ఆర్‌సీ చేతికి వచ్చిన రోజున ముంబైకి దరఖాస్తు పంపుదాం. ఫారాలు నింపేటప్పుడు ఫోను చేయండి, పక్కన కూర్చున్నట్టే చదివి చెబుతాను.

ఓడకు బండిని పెట్టెలో కట్టేటప్పుడు ఘనమీటర్ల లెక్కన డబ్బు తీసుకుంటారు కనుక ముందు చక్రం, హ్యాండిల్, అద్దాలు విప్పించండి. పెట్టె ఎంత చిన్నదైతే అంత మిగులు. ఛాసిస్ నంబరు చెక్కిన చోట మాత్రం ఏ స్టిక్కరూ, ఏ బ్యాగు పట్టీ అడ్డురాకుండా చూసుకోండి. దుమ్ము తుడిచి, పగటి వెలుగులో దాన్ని స్పష్టంగా ఫొటో తీసి పుస్తకం లోపలి అట్టకు అతికించి ఉంచండి. ప్రతి సరిహద్దులోనూ అధికారి టార్చి పట్టుకుని వంగి చూసేది ఆ చోటే.